ఎవరి విస్తరాకు వారు

ఇచ్చోడ దాటాక అడవి వైపు తిరిగే రోడ్డు మీద ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో నేను కొన్నేళ్లు సైన్సు చెప్పాను. బదిలీ మీద అక్కడ చేరిన నాటికి బడి గోడలన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. భూమి మన తల్లి అని ఒక గోడ, ప్రతి నీటి చుక్కా ప్రాణమే అని ఇంకో గోడ. గోడ మీద రాతలను చూసి మురిసిపోయే అలవాటు నాకు లేదు. కరీంనగర్ వైపు మగ్గాల ఊరు మాది. అంటరానితనం నేరం అని రాసిన గోడ కిందే ఒక చాయ్ హోటలు ఉండేది. అందులో కొందరికి గాజు గ్లాసులు, కొందరికి వేరుగా మూలన పెట్టిన గ్లాసులు. మా బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని దిగి నన్ను ఆ హోటలుకే తీసుకుపోయేవాడు. అక్షరం గోడ మీద ఉండటం వేరు, మనిషిలో ఉండటం వేరు అని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశాను.

అయితే ఈ బడిలో గోడల మీది రాతల కంటే ఎక్కువ పనే జరుగుతోంది. ఆ మాట ముందుగా ఒప్పుకోవాలి. ఎండాకాలం వచ్చేసరికి అక్కడి బోరు నీళ్ల బదులు గాలి వదులుతుంది. అంతకుముందు పిల్లలు ఇంటి నుంచి స్టీలు కంచాలు తెచ్చుకునేవారట. మధ్యాహ్నం తిన్నాక అందరూ నల్లా దగ్గర బారులు తీరి ఎవరి కంచం వారు కడుక్కునేవారట. ఆ నీళ్లు మిగిలితే తాగటానికి పనికొస్తాయని మా హెడ్మాస్టరుగారు కంచాలు మాన్పించి విస్తరాకులు పెట్టించారు. ఆ అడవిలో మోదుగకు కరువు లేదు. పక్క గూడెం ఆడవాళ్లు ఆకులను పుల్లలతో కుట్టి కట్టలు కట్టి తెచ్చేవారు. తిన్న విస్తరాకులు వంటగది వెనుక గుంతలో పేడతో, ఎండుటాకులతో కలిపి మాగబెట్టేవారు. ఆ ఎరువు కూరగాయల మడులకు వేసేవారు. మడుల్లో కాసిన వంకాయ మళ్లీ పిల్లల అన్నంలోకి వచ్చేది. ఎక్కడా పొగ లేదు, ప్లాస్టిక్ కాగితం లేదు. హెడ్మాస్టరుగారు ఆదివారం కూడా వచ్చి మడులకు నీళ్లు పోసే మనిషి. ఆయన శ్రద్ధ నిజమైనది. జిల్లాలో పచ్చని బడికి ఇచ్చే బహుమతి ఈసారి మాకే రావాలని ఆయన ఆశ. అది కూడా తప్పు కాదు.

నేను చేరిన రోజు మధ్యాహ్నం వరండాలో పిల్లలు బంతిగా కూర్చుని తిన్నారు. తిని లేచారు. విస్తరాకులు కూర్చున్న చోటే ఉన్నాయి. పిల్లలు చేతులు కడుక్కుని మైదానంలోకి పరుగెత్తారు. వరండాలో ఒక ఆడపిల్ల మిగిలింది. ఎనిమిదో తరగతి. నడుముకు ఆనించుకున్న గంపలోకి ఒక్కో విస్తరాకు వంగి ఎత్తుతూ ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది. అంగీకి ఆకుపచ్చ బిళ్ల పెట్టుకుంది. దాని మీద ‘ఎరువు లీడర్’ అని రాసి ఉంది.

హెడ్మాస్టరుగారిని అడిగాను. “ఆ పిల్ల ఒక్కతే ఎందుకు ఎత్తుతున్నది సార్?”

“లీడర్ గదా సార్. తోట లీడర్ ఉన్నడు, నీళ్ల లీడర్ ఉన్నడు. గీమె ఎరువు లీడర్. మేం ఎవల్నీ బలవంతం చెయ్యలే. ఎవలు చేస్తరంటే చెయ్యెత్తింది.”

“ఇంకెవలూ ఎత్తలేదా?”

“ఎత్తలే.” ఆయన గొంతు తగ్గించాడు. “వాళ్ల అవ్వ పంచాయతీల సఫాయి పని చేస్తది. పిల్లకు అలవాటే. ఎంత శుభ్రంగ చేస్తదో మీరే చూస్తున్నరు గదా.”

ఆ మాటలో ద్వేషం లేదు. ద్వేషం ఉంటే దానితో పోట్లాడటం తేలిక. ఆయన గొంతులో మెచ్చుకోలు ఉంది. ఒక కులాన్ని తరతరాలుగా, తల్లి తర్వాత బిడ్డను, ఒక పనికి కట్టేసి, ఆ పనికే ఒక బిళ్ల తగిలించి, ఇదిగో నాయకత్వం అంటే, ఆ మెచ్చుకోలుకు ఎదురు చెప్పటానికి నోరు వెతుక్కోవాలి.

ఆ సాయంత్రం నా గదిలో కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నిన్నమొన్నటిదాకా ఈ పిల్లలే తమ కంచాలు తాము కడుక్కున్నారు. ఊరి పటేలు మనవడు కూడా నల్లా దగ్గర కూర్చుని బూడిదతో కంచం తోముకున్నాడట. ఎవరూ చిన్నబోలేదు. కంచం పోయి ఆకు రాగానే చేతులు ఎందుకు వెనక్కి పోయాయి? మా ఊరి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. బంతి తినేసి, విస్తరాకు మడిచి, వెనక్కి చూడకుండా లేచిపోతాం. ఎత్తేవాళ్లు పందిరి బయట ఎదురుచూస్తుంటారు. బంతి లేచాకే వాళ్లు లోపలికి రావాలి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. పసితనం నుంచి చూసి నేర్చుకున్నాం. అడవి నుంచి బడికి ఆకు మాత్రమే వచ్చింది. ఆకుతో పాటు నడవాల్సిన ఆచారం ఊళ్లోంచి పిలవకుండానే వచ్చి వరండాలో కూర్చుంది.

మరునాడు ఆ పిల్లను పిలిచి అడిగాను. “ఈ పని వంతులవారీగ చేయిస్తే ఎట్లుంటది బిడ్డా?”

“వద్దు సార్,” అంది వెంటనే. “లీడర్ తీసేసిండ్రని నవ్వుతరు.”

“ఇంట్ల తెలుసా?”

తల అడ్డంగా ఊపింది. బడి గేటు దాటగానే బిళ్ల తీసి సంచిలో పెట్టుకుంటుందట. “మా అవ్వకు చెప్పకుండ్రి సార్. తెలిస్తే బడి మాన్పిస్తది.”

నేను చెప్పలేదు. వారం తిరగకముందే ఆ తల్లికి వేరే దారిలో తెలిసింది.

బడి కమిటీ పెద్దమనిషి ఆ ఊరి పటేలు. ఆయన మనవడు పదో తరగతి. మా బడికి నీళ్ల లీడర్ అతనే. బంతిలో పిల్లల గ్లాసుల్లో డ్రమ్ము నుంచి ముంచి నీళ్లు పోసేవాడు. వాళ్లింట్లో ఏదో విందు జరిగిన మరునాడు ఆ పిల్ల బడికి వస్తుంటే అతను అరుగు మీద నుంచి అరిచాడట. “ఓ ఎరువు లీడరూ! మా ఇంటెనుక గూడ ఉన్నయ్ ఇస్తార్లు, వచ్చి ఎత్తిపో!” అదే సందులో ఆమె తల్లి చీపురుతో మోరీ కాలువ ఊడుస్తోంది.

ఆ మధ్యాహ్నం తల్లి తన బిడ్డ చేయి పట్టుకుని నేరుగా ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. చీపురు గోడకు ఆనించింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఏ సారూ, నా బిడ్డ ఈడ ఏం జదువుతుంది?”

“ఎనిమిదో తరగతమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు.

“గది నాకు ఎరికే. పొద్దుగాల ఊళ్లె నేనెత్తుత, పగటీలి బళ్లె ఇది ఎత్తుతది. ఇద్దరికి ఫరక్ ఏముంది? నాకు పంచాయతోళ్లు జీతమన్న ఇస్తరు.”

“అట్లనకమ్మా. ఇది సఫాయి పని గాదు. భూమికి చేసే సేవ. పుణ్యం.”

“అట్లనా? మరి పుణ్యమంత మాకే ఎందుకు సారూ? పటేల మన్మనికి గూడ జర పంచుండ్రి. ఆయనకు పుణ్యం చేదా?”

పక్క గదిలో టీచరు ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. ఆమె నవ్వలేదు.

“మా అత్త ఎత్తింది. మా అవ్వ ఎత్తింది. నేనెత్తుతున్న. ఇది ఎత్తద్దనే గదా బడికి తోలింది. ఇంక తోల. పత్తి ఏరవోతది. పత్తి ఏరినోళ్లను ఎంగిలెత్తినోళ్లని ఎవలూ అనరు.”

ఆ పిల్ల, తల్లి కొంగు పట్టుకుని ఏడవకుండా నిలబడింది. సంచిలోని బిళ్ల తీసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. నేను ఆ తల్లితో ఒకటే అన్నాను. “శనివారం తల్లిదండ్రుల మీటింగుంది. నువ్వు రా అమ్మా. గీ మాట అందరి ముంగట అను. తర్వాత నీ ఇష్టం.”

“మీటింగులు మస్తు చూసిన,” అంది. కానీ వచ్చింది.

నేను యువకుడిగా ఉన్నప్పుడు ఎన్నో చర్చా సభల్లో మాట్లాడాను. దేవుడున్నాడా, జాతకం నిజమా, బాణామతి ఉందా అని వేదికల మీద గొంతు పోయేలా వాదించాను. ఆ సభల్లో గెలిచినా ఓడినా రాత్రికి ఎవరి ఇంటికి వారు పోయేవాళ్లం. ఈ మీటింగులో ఓడితే ఒక పిల్ల సోమవారం పత్తి చేలో ఉంటుంది. నా జీవితంలో అంత చిన్న సభ లేదు, అంత భయపడిన సభా లేదు.

ఎవరి విస్తరాకు వారే ఎత్తాలని నేను ప్రతిపాదించాను. పటేలు నెమ్మదిగా తల ఊపుతూ విన్నాడు. పెద్దమనిషి. కేకలు వేసే రకం కాదు.

“సారూ, మీరు చెప్పేది మంచిగనే ఉంది. కని మా ఇంట్ల ఎంగిలి ఎత్తుడు లేదు. పోరడు ఇంటికొచ్చి దేవునర్రల పటాలు ముట్టుకుంటడు.”

“మీ మనవడు బర్రె పెండ తీయడా పటేలా?”

“తీస్తడు. పెండ లక్ష్మి సారూ. ఎంగిలి ఎంగిలే.”

“ఆ ఎంగిలి ఎవలిది? వాని నోటిదే గదా. వాని నోట్లకు పోయినప్పుడు లేని మైల, వాని చేతికి ఎట్లంటుతది? నిన్నమొన్నటిదాక వాని కంచం వాడే కడుక్కున్నడు. అప్పుడు దేవునర్ర మైల పడలే. స్టీలుకు లేని మైల మోదుగాకుకు ఎక్కడికెల్లి వచ్చింది?”

వెనుక గోడ దగ్గర నిలబడిన ఆ తల్లి గొంతు వినిపించింది.

“పొద్దుగాల పండ్లు తోముకుంటవు గదా పటేలా, నీ మూతి ఎవలు కడుగుతరు? దానికి గూడ మమ్ముల్నే పిలుస్తవా?”

గది గొల్లుమంది. పటేలు కూడా మీసం కింద నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లేచి, “మీ బడి, మీ ఇష్టం,” అని కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లాడు. ఆ మాటకు ఒప్పుకోలు అని అర్థం కాదని గదిలో అందరికీ తెలుసు.

హెడ్మాస్టరుగారు గుమ్మం దాకా వెళ్లి పటేలు పోయిన దారి చూసి వచ్చాడు. చివరికి, “సోమవారం నుంచి ఎవల ఇస్తారాకు వాళ్లే,” అన్నాడు. నేను వెంటనే, “మనం గూడ సార్. మన టిఫిను డబ్బాలు ఇంట్ల పెట్టి బంతిల కూసుందాం,” అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో స్నేహం లేదు. అయినా తల ఊపాడు.

ఆ తల్లి అంది. “పిల్లను తోలుత. కని మాట మీద తోల. నేనే వచ్చి చూస్త.”

సోమవారం మధ్యాహ్నం ఆమె చెత్తబండి పక్కన పెట్టి గేటు బయట నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. లోపల మేమందరం బంతిలో కూర్చున్నాం. చిన్న తరగతుల పిల్లలకు అదో ఆట అయింది. విస్తరాకులు పట్టుకుని గుంత దాకా పందెం వేసుకుని ఉరికారు. హెడ్మాస్టరుగారు విస్తరాకును మడిచి, ఎటు చూడాలో తెలియనట్టు నేలను చూస్తూ నడిచారు. పదో తరగతి మగపిల్లలు కొందరు మాత్రం తిని, లేచి, వెళ్లిపోయారు. వాళ్లలో పటేలు మనవడు ముందున్నాడు.

ఆ పిల్ల తన విస్తరాకు ఎత్తింది. అడుగు ముందుకు వేస్తూనే చేయి దానంతట అది పక్కనున్న ఆకు మీదికి పోయింది. అలవాటు. సగం వంగి, గేటు వైపు చూసింది. తల్లి కదల్లేదు, పిలవలేదు. పిల్ల నిటారుగా లేచి తన ఒక్క ఆకుతో గుంత వైపు పోయింది.

పదో తరగతివాళ్ల ఆకులు అక్కడే ఉన్నాయి. రాత్రి కుక్కలు వచ్చి కెలికి పోయాయి. తెల్లవారేసరికి చీమలు, ఈగలు. మంగళవారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరుగారికి కబురొచ్చింది, బహుమతి కమిటీ ఈ పూటే వస్తోందని. ఆయన వరండా చూశాడు. ఆ ఏడాదంతా పోసిన నీళ్లు, తవ్విన మడులు ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. తిన్నగా ఎనిమిదో తరగతి గదిలోకి పోయి ఆ పిల్లను బయటికి పిలిచాడు. నేను ఆ గదిలోనే పాఠం చెబుతున్నాను.

“బిడ్డా, గీ ఒక్కసారికి ఎత్తు. కమిటీ వస్తుంది. బడి ఇజ్జత్ పోతది.”

ఆ పిల్ల తలెత్తి ఆయన్ను చూసింది.

“నాది నిన్ననే ఎత్తిన సార్.”

నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. నేనే పోయి ఎత్తేయవచ్చు. పటేలు మనవడి ఎంగిలి నేనెత్తితే నాకు మైల లేదు. కానీ అప్పుడు కూడా ఎత్తింది ఇంకొకరే అవుతారు. ఎత్తనివాళ్ల ఆచారం చెక్కుచెదరదు. హెడ్మాస్టరుగారు వరండా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె తల మీద చేయి పెట్టి, “పో, కూసో,” అన్నాడు.

కమిటీవాళ్లు వచ్చారు. మడులు చూశారు, గుంత చూశారు, గోడలు చదివారు. వరండాలో ఒకాయన ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

“ఇదేంది సార్?”

“మా పదో తరగతి పిల్లల ఎంగిలి సార్,” అన్నాడు హెడ్మాస్టరు. “వాళ్లే ఎత్తాలె. ఇంకా ఎత్తలే.”

“సఫాయివాళ్లు లేరా?”

“ఉన్నరు సార్. గిది వాళ్ల పని గాదు.”

రుమాలు పెట్టుకున్నాయన రాసుకున్నాడు. మాకు బహుమతి రాలేదు. పచ్చని బడి బోర్డు వేరే ఊరి గేటుకు ఎక్కింది. ఆ రోజుల్లో హెడ్మాస్టరుగారు నాతో పని ఉంటే తప్ప మాట్లాడేవారు కాదు. దానికి నాకు కోపం లేదు. ఆయన పోగొట్టుకున్నది నాకు తెలుసు. ఆయన ఆ కమిటీ ముందు అన్న మాటకు ఏ బోర్డూ సాటిరాదని ఆయనతో చెప్పాలనుకున్నాను. చెప్పేంత చనువు మా మధ్య మిగల్లేదు.

కమిటీ పోయిన మధ్యాహ్నమే బంతి వేశాం. ఎవరు నిన్న ఎక్కడ కూర్చున్నారో ఈరోజూ అక్కడే అన్నాను. పదో తరగతి పిల్లలు తమ పాత ఆకుల పక్కనే కూర్చున్నారు. పాత ఆకు మీది ఈగలు కొత్త అన్నం మీదికి వచ్చాయి. పటేలు మనవడు రెండు ముద్దలు తిన్నాడు, మూడోది నోట్లోకి పోలేదు. లేచాడు. పాత ఆకును కొత్త ఆకులో వేసి, రెండు వేళ్లతో కొసలు పట్టుకుని, పామును మోసినట్టు చేయి చాచి గుంత దాకా నడిచాడు. మిగతావాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లూ లేచారు. అతను నల్లా దగ్గర చేతులు కడుక్కున్న నీళ్లతో నాలుగు కంచాలు కడగవచ్చు.

మనసులు మారాయని నేను రాయను. మనసు మారటం కంటికి కనిపించదు. చేయి వంగటం కనిపిస్తుంది. నేను చూసినదే రాస్తున్నాను. పర్యావరణం అని మనం బడిలో చెప్పే పాఠంలో చెట్టు ఉంటుంది, నీరు ఉంటుంది, పులి కూడా ఉంటుంది. మన చెత్త ఎత్తే మనిషి ఉండదు. ఆ మనిషి లేని పాఠం ఎంత పచ్చగా ఉన్నా నాకు పాతదే. భూమిని మైల చేయొద్దని నేర్పే చోటే, ఒక పిల్లకు మైల అంటగట్టే ఆచారం హాయిగా బతకగలదని ఆ వరండా నాకు చూపించింది.

ఆ తల్లి రోజూ వచ్చేది. బంతి లేచే వేళకు గేటు బయట బండి ఆగేది. లెక్క చూసుకునేదానిలా వరండా అంతా ఒకసారి చూసి, బండి తోసుకుని పోయేది. చలికాలం దాకా అట్లాగే వచ్చింది. ఒకరోజు రాలేదు. మరునాడూ రాలేదు.

“అవ్వకు బాగలేదా బిడ్డా?” అని అడిగాను.

“మంచిగనే ఉంది సార్. ఇగ చూసుడేందే, ఎత్తుతుండ్రు గదా అన్నది.”

సంక్రాంతి సెలవులయ్యాక లీడర్లను మళ్లీ ఎన్నుకున్నాం. ఎరువు లీడర్ బిళ్ల హెడ్మాస్టరుగారి సొరుగులోంచి బయటికి రాలేదు. ఆ పని వంతులకు మారింది. ఎవరికి ఏది కావాలని అడిగితే, ఆ పిల్ల చెయ్యెత్తింది.

“నీళ్ల లీడర్ చెయ్యుండ్రి సార్.”

గదిలోని పిల్లలందరూ తల తిప్పి ఆమెను చూశారు. నీళ్ల లీడర్ డ్రమ్ములో చెంబు ముంచుతాడు. బంతిలో ప్రతి గ్లాసులో నీళ్లు పోస్తాడు. ఆ చేతి నీళ్లు అందరూ తాగాలి. ఆమె ఏమి అడుగుతోందో గదిలో ఉన్న చిన్న తరగతుల పిల్లలకు కూడా తెలుసు. హెడ్మాస్టరుగారు నా వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత అది మాట్లాడే చూపు. పేరు ఆయనే బోర్డు మీద రాశాడు.

మరునాడు మధ్యాహ్నం బంతి కూర్చుంది. ఆ పిల్ల చెంబు పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడింది. గేటు బయట మళ్లీ చెత్తబండి ఆగి ఉంది. దాని పక్కన ఆమె తల్లి.